బీరువా తలుపు లోపలి వేలిముద్ర

పోయినవి ముందు రాస్తాను. చీరలు పద్నాలుగు. అందులో నూలువి తొమ్మిది, పట్టు అంచువి ఐదు. ఆ తొమ్మిదిలో నాలుగు పసుపు, మూడు నెమలికంఠం రంగు, రెండు తెలుపు మీద ఎర్ర గళ్లు. పట్టు అంచు చీరల్లో ఒకదానికి కొంగు చివర ముడులు వేయడం ఇంకా మిగిలే ఉంది. వెండి గ్లాసులు రెండు, ఒకదాని అంచు సొట్ట. వెండి పట్టీలు ఒక జత. మా అమ్మ కమ్మలు ఒక జత. పాత సెల్‌ఫోను ఒకటి, పనిచేయదు. బీరువా అడుగు అరలో పరిచిన పాత పంచె కూడా పోయింది. దొంగ అన్నీ దాంట్లోనే మూట కట్టుకుని ఉంటాడు. పంచె సంగతి ఫిర్యాదులో రాయించలేదు.

ఈ జాబితా ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను చూడండి, తప్పు అక్కడే మొదలైంది.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో ఒక గుంత మగ్గం ఉంది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కానీ లెక్క ఆగలేదు. చీర వెడల్పుకు ఎన్ని పోగులు, పడుగుకు ఎంత నూలు కావాలి, మధ్యలో రంగు మారిస్తే ఎంత వృథా అవుతుంది, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. మా వీధిలో వాళ్లు కొత్త పడుగు వేసే ముందు ఒకసారి నా దగ్గరికి వచ్చి అడిగి పోతారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏం ఇంట్లోకి వచ్చింది, ఏం బయటికి పోయింది అనేది అందులో రాస్తాను.

సి.బెళగల్‌లో మా మరదలు గృహప్రవేశం అయితే నేను, మా ఆవిడ, మా అమ్మ ముగ్గురం వెళ్లి, మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు తిరిగి వచ్చాం. పెరటి తలుపు గడియ లేచి ఉంది. బీరువా తలుపు ఓరగా ఉంది. తాళం పగలలేదు. మా ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేను చాప పరిచి, బీరువాలో మిగిలినవన్నీ ఒక్కొక్కటే తీసి చాప మీద పెట్టి లెక్కపెట్టాను. మళ్లీ ఒక్కొక్కటే లోపల పెడుతూ రెండోసారి లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టనిది దేన్నీ నేను నమ్మను. నగల డబ్బాలు తెరిచాను, మూశాను. అరలన్నీ చేత్తో తడిమాను. తలుపు అంచు పట్టుకుని లేచాను.

అదే సమయంలో మా అమ్మ మగ్గం దగ్గర ఉంది. దొంగ పెరట్లోంచి వస్తూ మగ్గం గుంతలో దిగి ఎక్కినట్టున్నాడు. గుంత అంచున మెత్తటి మట్టిలో చెప్పుల గుర్తు అచ్చుపోసినట్టు పడింది. మగ్గం గుంతలో చెప్పుకాలు పడితే మా ఇళ్లలో పసుపు నీళ్లతో కడిగి, దీపం పెట్టిన తర్వాతే మళ్లీ కూర్చుంటాం. అమ్మ ఆ పని చేసేసింది. నేను లెక్క ముగించి చూసేసరికి గుంత తడితడిగా, పచ్చగా మెరుస్తోంది. ఆ క్షణంలో నాకు అది మంచి పనిగానే తోచింది.

పదకొండు గంటలకు స్టేషన్‌కు వెళ్లాను. ఫిర్యాదు రాసేది రైటర్. యాభై దాటిన మనిషి, నింపాదిగా రాస్తాడు. నా జాబితా విని కలం ఆపాడు.

"సొట్ట కూడా రాయమంటావా?"

"గుర్తు కదా సార్."

"పోయిన వెండికి ఇంత లెక్కనా. వానాకాలంలో జొన్నగిరి చేన్లకు వజ్రాలు ఏరను పోప్పా, అదృష్టం ఉంటే దీనికి పదింతలు దొరుకుతుంది." పక్క బల్ల దగ్గరి కానిస్టేబుల్ నవ్వాడు. రైటర్ మళ్లీ కలం పట్టుకున్నాడు. "సరే, తాళం చెవి పోయిందా?"

"లేదు సార్. దాని జాగాలో అది ఉంది."

"బీరువా ఎవరెవరు ముడతారు?"

"నేను, నా భార్య, మా అమ్మ."

"బయటోళ్లు ఎవరూ ముట్టలేదా? ఆలోచించి సెప్పు."

నేను ఆలోచించలేదు. జేబులోంచి పుస్తకం తీసి రెండు నెలలు వెనక్కి తిప్పాను. బీరువా అన్న మాట ఎక్కడా లేదు.

"రెండు నెలల్లో ఎవరూ ముట్టలేదు సార్."

"అంత గట్టిగా సెప్తాండావే."

"అన్నీ రాసుకుంటాను సార్."

"నీలాంటోళ్లు ఊరికి పదిమంది ఉంటే మాకు పనే ఉండదు," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. గడచిన రెండు నెలలుగా కుటుంబ సభ్యులు తప్ప ఇతరులెవరూ సదరు బీరువాను తాకలేదని ఆయన రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం కర్నూలు నుంచి క్లూస్ టీమ్ వచ్చింది. ఇద్దరు. పెట్టె తెరిచి కుంచె, పొడి తీసినది ఒక అమ్మాయి. బీరువా తలుపు బయటి వైపు పొడి చల్లి కుంచెతో రాసింది. ముద్రల మీద ముద్రలు, అలుక్కుపోయిన గీతలు కనిపించాయి.

"ఎవరండీ ఇవన్నీ ముట్టింది?"

"నేనే మేడం. లెక్కపెట్టినాను."

"లెక్కపెట్టినారా." ఆమె కుంచె దులిపింది. నేల మీద కాలిగుర్తులు ఉన్నాయా అని అడిగింది. మా అమ్మ ముందుకొచ్చి, "చెప్పుకాలు పెట్టినాడు తల్లీ, అంతా కడిగేసినాను," అంది. ఆ అమ్మాయి తన తోటివాడి వైపు చూసింది. అతను కెమెరా పెట్టెలో పెట్టేశాడు.

మా ముగ్గురి ముద్రలు తీసుకుంటే, వాటిని పక్కన పెట్టి మిగిలినవి వెతకవచ్చునట. మా వేళ్లకు సిరా పూసి కాగితం మీద దొర్లించింది. సరిగా పడలేదు. మళ్లీ పూసింది. నేతపనిలో పోగు వేలి కొన మీద రోజంతా నడుస్తుంది. ముప్పై ఏళ్లు నేసిన వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. మా అమ్మ నవ్వింది. "రేషన్ కొట్టు మిషనే నన్ను గుర్తుపట్టదు. నెలనెలా ఎవరిదో ఒకరి వేలు పెట్టించి బియ్యం తెచ్చుకుంటాను. నువ్వేం పడతావులే తల్లీ."

చివరికి తలుపు లోపలి వైపు, తాళం పెట్టె మీది రేకు పక్కన ఒకటి దొరికింది. అక్కడ గ్రీజు మరక ఉంది. నేను లెక్కపెట్టేటప్పుడు నా చెయ్యి అక్కడికి పోలేదు. ఆ గ్రీజులో ఒక బొటనవేలు అద్దంలో పడినంత స్పష్టంగా పడి ఉంది. పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీశారు. వంగి చూశాను. మధ్యలో చక్రం, దాని చుట్టూ గీతలు. ఇల్లంతా వెతికితే గుర్తుపట్టదగిన వేలు అదొక్కటే. దొంగ దొరికాడని ఆ రోజు తృప్తిగా అన్నం తిన్నాను.

తాళం పగలకుండా బీరువా తెరిచారు కాబట్టి పోలీసులు తాళాల పనివాళ్లను పిలిపించారు. ఎమ్మిగనూరులో నలుగురు, ఆదోనిలో ఏడుగురు. అందరి వేలిముద్రలు తీసుకున్నారు. పదహారో రోజున కానిస్టేబుల్ ఫోన్ చేసి దొంగ దొరికాడు రమ్మన్నాడు. వెళ్లాను. స్టేషన్ వసారాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్న మనిషి తల ఎత్తాడు.

ఆదోనిలో తాళాల కొట్టు నడిపే భాయ్. ఇరవై ఏళ్ల స్నేహం మాది. నూలు కోసం ఆదోని వెళ్లినప్పుడల్లా ఆయన కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగకుండా తిరిగి రాను. నన్ను లెక్కలప్పా అని పిలుస్తాడు.

ఆయన్ను చూడగానే నాకు జాతర రోజు గుర్తొచ్చింది. మా ఊరి జాతరకు రమ్మని నేనే పిలిచాను. మా ఇంట్లో భోంచేశాడు. చేయి కడుక్కుని వస్తూ, మా ఆవిడ బీరువా తాళంతో కుస్తీ పడుతుంటే చూశాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, లోపలి రేకు విప్పి, గ్రీజు పూసి బిగించాడు. పది నిమిషాల పని. ఎంత ఇవ్వమంటావు భాయ్ అంటే, "ముందు నువ్వు అన్నానికి బిల్లు రాయప్పా, అప్పుడు నేనూ రాస్తా," అన్నాడు. డబ్బు చేతులు మారలేదు. వస్తువు రాలేదు, పోలేదు. నా పుస్తకంలోకి ఎక్కే పని కాదది. అందుకే ఎక్కలేదు. పుస్తకంలో లేనిది నాకు స్టేషన్‌లో గుర్తుకు రాలేదు. మా ఆవిడను ఎవరూ అడగలేదు.

లోపలికి వెళ్లి ఎస్సైకి ఇదే చెప్పాను. ఆయన చిన్న వయసువాడు, కేకలు వేసే మనిషి కాదు.

"రెండు నెలల్లో ఎవరూ ముట్టలేదంటివి. సంతకం నీదే గదా?"

"నాదే సార్. మరిచిపోయినాను."

"అన్నీ రాసుకుంటానంటివే."

"డబ్బు తీసుకోలేదు సార్. అందుకే రాయలేదు."

"డబ్బు తీసుకోకుండా తాళం విప్పి చూసిపోయినాడు. ముప్పై ఆరు రోజులకు ఆ తాళం పగలకుండా తెరుచుకుంది. నువ్వు లెక్కల మనిషివంట గదా. ఈ రెండూ కూడి నువ్వే సెప్పు."

"చెవితో తెరిచినారు సార్. చెవి నూలు కండెల బుట్టలో ఉంటుంది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆడనే పెడతారు. తీసి, మళ్లీ ఆడనే పెట్టిపోయి ఉంటారు."

"ఈ మాట మొదటి రోజు యాడికి పోయింది?"

మొదటి రోజు చెవి పోయిందా అని అడిగారు కానీ, ఎక్కడ పెడతారని అడగలేదు. అడగనిది చెప్పలేదు. చేనేత ఇళ్ల తాళం చెవులన్నీ కండెల బుట్టల్లో ఉంటాయని పోలీసుల ముందు చెప్పడానికి సిగ్గేసింది కూడా. ఇప్పుడు చెప్పేసరికి అది స్నేహితుడి కోసం అల్లిన మాటలా వినబడింది. నా మాట రాసుకున్నారు. దాని కింద సంతకం అడగలేదు. విచారణలో చెప్పిన మాటకు సంతకం అక్కర్లేదట.

బయటికి వచ్చాక భాయ్ అన్నాడు, "ఏం లెక్కలప్పా, ఒక్క అర్ధ రూపాయి అడిగి తీసుకొనింటే నా పేరు నీ పుస్తకంలో ఉండేది గదా." ఆయన నవ్వబోయాడు.

మరునాడు ఆయన్ను రిమాండ్‌కు పంపారు.

ఆదోనిలో ఒక లాయరు దగ్గరికి భాయ్ భార్యతో కలిసి వెళ్లాను. ఆయన నాకు విడమరిచి చెప్పేవరకు ఈ సాక్ష్యాల సంగతి నాకు ఏమీ తెలియదు. వేలిముద్ర అబద్ధం చెప్పదట. ఇద్దరికి ఒకే ముద్ర ఉండదు. కవల పిల్లలకు కూడా వేరుగానే ఉంటాయి. అయితే ముద్ర చెప్పేది ఎవరు అన్న ఒక్క మాటే. ఎప్పుడు అన్నది అది చెప్పదు. గ్రీజులో పడిన ముద్ర ఒక రోజుదా, నలభై రోజులదా అని తేల్చే పొడి ఏదీ లేదు.

"ఎప్పుడు అనేది మనిషి చెప్పాల, లేకపోతే కాగితం చెప్పాల," అన్నాడు లాయరు. "మనిషివి నువ్వు. నువ్వు ముందే ఇంకోటి చెప్పి సంతకం పెట్టినావు. మీ ఆవిడ, మీ అమ్మ చెప్పినా నీ ఇంటివాళ్లే అంటారు. కాగితం ఏమన్నా ఉందా?"

ఇంటికి వచ్చి జాతర రోజు పేజీ తీశాను. రెండు పద్దులు ఉన్నాయి. వాటి కింద ఒక గీత ఖాళీ. ఎప్పుడూ పేజీ చివరి గీత వదిలేయడం నా అలవాటు. తాళం బాగుచేసినది, ఆదోని భాయ్ అని రాస్తే సరిగ్గా పడుతుంది.

మా ఆవిడ చూసింది. "రాయి," అంది.

"ఇప్పుడా?"

"జరిగిందే గదా. అబద్ధం రాయమన్నానా? నా కండ్ల ముందర చేసినాడు."

"ఆ రోజు రాయలేదే."

"ఆ రోజు రాయనందుకే గదా ఆయప్ప ఆడ ఉండేది."

కలం పట్టుకుని కూర్చున్నాను. నా చేతిరాతే, నా పుస్తకమే, జరిగిన పనే. రెండు రోజులు ఆ పేజీ తెరిచి మూశాను. మూడో రోజు లాయరుకు ఆ ఖాళీ గీత సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"రాసినావా?"

"లేదు."

"రాసింటే ఆ పుస్తకం ల్యాబుకు పోతుంది. సిరా చూస్తారు, కలం ఒత్తు చూస్తారు. పై రెండు గీతలు ఒక కలం, కింది గీత ఇంకో కలం. దొంగసాక్ష్యం కింద నిన్ను కూడా పంపిస్తారు. ఆయన ఇంక బయటికి రాడు. నీ దగ్గర ఉన్న ఒక్క నిజం, నువ్వు ఆ గీత ఖాళీగా పెట్టినావనేదే."

నేను రాయలేదు. ఆ గీత ఇప్పటికీ ఖాళీగానే ఉంది. రాసి ఉంటే ఎవరూ పట్టుకోకపోయేవారేమో అన్న ఆలోచన నన్ను వదలలేదు.

బెయిల్ మొదటిసారి కొట్టేశారు. రెండోసారి ఇచ్చారు కానీ ఆస్తి ఉన్నవాళ్లు ఇద్దరు జామీను ఉండాలన్నారు. నేను ఉంటానన్నాను. లాయరు నవ్వు ఆపుకున్నాడు. "దొంగతనం నీ ఇంట్లో, ఫిర్యాదు నీది, జామీనూ నీదేనా? అట్ల పోయి నిలబడితే ఇద్దరూ కుమ్మక్కైనారంటారు. దూరంగా ఉండు. నువ్వు ఎంత దూరంగా ఉంటే ఆయనకు అంత మేలు."

అయినా ఒకసారి సబ్‌జైలుకు వెళ్లాను. ఆయన భార్య రొట్టెలు కట్టిచ్చింది. కడ్డీల అవతల భాయ్ గడ్డం పెరిగి ఉన్నాడు.

"కొట్టు తెరిచినారా?" అని అడిగాడు.

"లేదు భాయ్. మూసే ఉంది."

"బాడుగ అడిగినారా?"

"అడిగినారంట."

కడ్డీల దగ్గరికి జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ గేటు తాళం చూసినావా? లోపల స్ప్రింగు అరిగిపోయింది. ఒక చీపురుపుల్ల చాలు. చెప్దామనుకుంటి. చెప్తే ఇంకో కేసు రాస్తారని ఊరకుండాను," అన్నాడు. నవ్వాను. ఆయనా నవ్వాడు. కానిస్టేబుల్ టైమైందన్నాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి అడిగాడు, "లెక్కలప్పా, నువ్వు ఒక్క నిమిషమైనా నన్ను అనుమానించినావా?"

"లేదు భాయ్," అన్నాను. అది నిజం. అయితే తలుపు మీద ఆ ముద్ర చూసి సంతోషపడ్డాను, తృప్తిగా భోంచేశాను. ఆ మాట చెప్పలేకపోయాను.

జామీనుదార్లు దొరికి ఆయన బయటికి వచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లకు కేసు విచారణకు వచ్చింది. బోనులో నిలబడి జాతర రోజు జరిగింది చెప్పాను. ప్రభుత్వం తరఫు లాయరు ఫిర్యాదు చదివించి, సంతకం చూపించి, మీరు ముద్దాయిని కాపాడటానికి మాట మారుస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను. నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోర్టును కోరాడు. ప్రకటించారు. నా ఇంట్లో జరిగిన దొంగతనంలో నేనే ఎదురు తిరిగిన సాక్షిని. వేలిముద్రల నిపుణుడిని మా వైపు లాయరు ఒకటే అడిగాడు, ఈ ముద్ర ఏ రోజు పడిందో చెప్పగలరా అని. చెప్పలేమండీ అన్నాడు ఆయన.

సాక్ష్యం చాలదని, మిగిలిన అనుమానం వల్ల కలిగే మేలు ముద్దాయికే చెందుతుందని కేసు కొట్టేశారు. చీరల జాడ తెలియలేదు, కమ్మల జాడా తెలియలేదు. అసలు దొంగను వెతికేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

కోర్టు బయట చింతచెట్టు కింద భాయ్ తీర్పు కాగితం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. "అనుమానం ఉండిందనే రాసినారు గదా. వీడు చేయలేదని యాడన్నా ఉందా, చూడు." చూశాను. లేదు. అందుకో ఏమో, ఇప్పుడు ఆదోనిలో ఎవరూ ఆయన్ను ఇంటికి పిలవరు. తాళం ఊడదీసి కొట్టుకే తెస్తారు. బీరువా అయితే వేరేవాళ్లను పిలుచుకుంటారు. నేను ఇప్పటికీ వెళ్తాను. చాయ్ ఇస్తాడు. మా ఇంటికి మాత్రం రాడు. జాతరకు పిలిస్తే, "గ్లవుజులు కొనుక్కొని వస్తాలే," అంటాడు.

పోయిన నెల ఆయన కొట్టు ముందు కూర్చుని, నా వల్ల నీకు యాభై ఒక్క రోజులు పోయినాయి భాయ్ అన్నాను. ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తడానికి ధైర్యం చాలలేదు. చేతిలో ఉన్న తాళాన్ని ఆకురాయితో రాస్తున్నవాడు ఆపాడు.

"యాభై ఒకటా? యాడిది ఆ లెక్క?"

"రిమాండ్ కాగితం ప్రకారం."

"అది వాళ్ల లెక్కప్పా. స్టేషన్‌లో కూర్చోబెట్టిన రోజు దాంట్లో లేదు. బెయిల్ వచ్చినాక కాగితాలు అందలేదని ఇంకో రోజు పెట్టుకున్నారు, అదీ లేదు. ఇంట్లో నా పక్క ఖాళీగా ఉన్న రోజులు మా ఆమె లెక్కపెట్టింది. ఆమె నీలాగ రాసుకోదు. అయినా తప్పు పోదు." మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

పుస్తకం తీసి, అప్పుడే, ఆయన ముందే, కొత్త పేజీలో ఆ రోజు తేదీ వేసి రాసుకున్నాను. భాయ్‌కి నేను బాకీ, యాభై మూడు రోజులు.